లేబుల్ ఏడున్నదో కాలిక్యులేటర్ ఎట్ల వెతుకుతది

ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్‌లో గోటూ అని, అంటే ఫలాన జాగకు దుంకు అని, ఒక లైన్ రాస్తే మిషన్ సీదా ఆ లేబుల్ కాడికి, అంటే ప్రోగ్రాంలో మనం పేరు పెట్టుకున్న జాగ కాడికి, పోతదని చానామంది అనుకుంటరు. పోదు, వెతుకుతది. వెతుకుడు ఎక్కడినుంచి మొదలువెడ్తది, కిందికి వెతుకుతదా పైనుంచి వెతుకుతదా, దొరికినంక ఆ జాగ యాదిపెట్టుకుంటదా లేదా, ఇవి ఒక్కో మిషన్‌కు ఒక్కో తీరుగ ఉంటయి, ఇవి తెల్వకుండ ప్రోగ్రాం రాస్తే చూడనీకి మంచిగనే కనవడ్తది గని ఆన్సర్ వేరే వస్తది. నాకు ఈ ముచ్చటంటే చానా ఇష్టం, ఎన్నో రోజులసంది రాద్దామనుకుంటున్న, ఇయ్యాల కూర్చున్న కాబట్టి కొంచెం పొడుగ్గనే ఉంటది, ఓపికతోని చదువుండ్రి.

నేను కాలువ పనుల సర్వేలో ఉంట, ఇల్లు హన్మకొండ. టోటల్ స్టేషన్ వచ్చింది, ఫోన్‌లో యాప్‌లు వచ్చినయి, ఇంకా గా కాలిక్యులేటర్ ఎందుకే అని సైట్ మీద అడుగుతనే ఉంటరు. మే నెలలో పన్నెండు గంటలకు కాలువ గట్టు మీద నిలబడి ఫోన్ తీస్తే స్క్రీన్ కనవడదు, కాసేపటికి వేడెక్కి బందయితది. కాలిక్యులేటర్ డిస్‌ప్లే ఎండ ఎంత ఉంటే అంత సాఫ్‌గ కనవడ్తది, బటన్ నొక్కినమా లేదా అనేది వేలికే తెలుస్తది, సెల్లు ఏస్తే నెలలకు నెలలు నడుస్తది. అందుకే ఆటో లెవెల్ (ఎత్తులు చూసే సర్వే మిషన్) పని ఉన్నరోజు నా అంగీ జేబులో క్యాసియో ఎఫ్‌ఎక్స్-5800పీ ఉండాల్సిందే. 2006 మోడల్ అది, సర్వే చేసేటోళ్లకు బాగా తెలిసిన మిషన్.

ముందుగాల దాంట్లో నేను వాడే చిన్న ప్రోగ్రాం చూపిస్త, లెవెల్ బుక్ లెక్క. బెంచ్ మార్క్ (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) ఆర్‌ఎల్, అంటే దాని ఎత్తు, ఇస్తే, బ్యాక్ సైట్ (ఆ ఎత్తు తెలిసిన పాయింట్ మీద తీసిన రీడింగ్) కలిపి ఇన్‌స్ట్రుమెంట్ హైట్ తీస్తది, తర్వాత ఒక్కో రీడింగ్ కొడ్తుంటే ఆ పాయింట్ ఆర్‌ఎల్ చెప్తనే ఉంటది. చేంజ్ పాయింట్ (లెవెల్‌ను వేరే జాగకు మార్చే కాడి పాయింట్) వచ్చినప్పుడు ఫోర్ సైట్‌ను (మార్చే ముందు దాని మీద తీసే ఆఖరి రీడింగ్) మైనస్ పెట్టి కొడ్త, అది చూసి మిషన్‌కు అర్థమైతది ఇగ కొత్త సెటప్ అని. తెలుగులో రాస్తే ఇట్ల ఉంటది:

ఆర్‌ఎల్ అడిగి ఆర్‌లో పెట్టు
లేబుల్ 1
బ్యాక్ సైట్ అడిగి బీలో పెట్టు
ఆర్ + బీ → హెచ్
లేబుల్ 2
రీడింగ్ అడిగి ఎస్‌లో పెట్టు
ఎస్ < 0 అయితే గోటూ 3
హెచ్ − ఎస్ చూపించు
గోటూ 2
లేబుల్ 3
హెచ్ + ఎస్ → ఆర్, చూపించు
గోటూ 1

ఆర్‌ఎల్ 265.400 అనుకోండ్రి, బ్యాక్ సైట్ 1.235 కొడితే హెచ్ 266.635 అయితది. తర్వాత రీడింగ్ 1.870 కొడితే 264.765 చూపిస్తది, మళ్ల రీడింగ్ అడుగుతది. చేంజ్ పాయింట్ కాడ 0.945ను మైనస్ పెట్టి కొడితే 265.690 చూపిచ్చి మీదికి దుంకి కొత్త బ్యాక్ సైట్ అడుగుతది. దీన్ని ఫర్ అనీ వైల్ అనీ లూపులతోని (ఒకటే పనిని మళ్ల మళ్ల చేయించే ఆర్డర్లు) గూడ రాయొచ్చు, ఆ మిషన్‌లో అవన్ని ఉన్నయి. నేను మాత్రం లేబుళ్లతోనే రాస్త, ఎందుకంటే ఫీల్డ్‌లో జరిగే పని గూడ అచ్చం ఇట్లనే ఉంటది, సెటప్, రీడింగు, రీడింగు, రీడింగు, చేంజ్ పాయింట్, మళ్ల సెటప్.

క్యాసియోలో లేబుల్ పేరు 0 నుంచి 9 దాకా అంకె పెట్టొచ్చు, ఇంగ్లీష్ అక్షరం పెట్టొచ్చు. ఏ ప్రోగ్రాం లేబుళ్లు ఆ ప్రోగ్రాంకే, పక్క ప్రోగ్రాంలో లేబుల్ 1 ఉన్నా దీనికి సంబంధం లేదు. ఒక సంగతి మాత్రం ఖచ్చితంగ తెలిసి ఉండాలె. గోటూ 3 అని రాసి లేబుల్ 3 పెట్టుడు మర్చిపోతే ప్రోగ్రాం ఎక్కిచ్చేటప్పుడు మిషన్ ఏం అనదు. ఆ లైన్ కాడికి నిజంగ వచ్చినప్పుడే గో ఎర్రర్ అని చూపిస్తది. అంటే పై ప్రోగ్రాంలో లేబుల్ 3 లేకున్నా ఇంట్ల కూర్చొని నాలుగు రీడింగులు కొట్టి చూస్తే అంతా సక్కగనే నడుస్తది, చేంజ్ పాయింట్ వచ్చినంకనే కథ బయటపడ్తది, అది గట్టు మీద, స్టాఫ్ (రీడింగ్ చూసే కొలత కట్టె) పట్టుకున్న పిల్లగాడు అవతల నిలబడి చూస్తుంటే. గో ఎర్రర్ వచ్చినప్పుడు ఎడమ బాణమో కుడి బాణమో నొక్కితే తప్పున్న జాగకే కర్సర్ తీస్కపోతది, అది మంచి సౌకర్యం. కొత్త ప్రోగ్రాం రాసినప్పుడు అన్ని దారులు ఒక్కసారన్న తొక్కి చూడాలె అని మా జూనియర్లకు ఎప్పుడు చెప్తుంట.

ఆ జూనియర్లలోనే ఒకడు, హసన్‌పర్తి దిక్కు డిస్ట్రిబ్యూటరీ మీద పని చేస్తున్నప్పుడు అడిగిండు, "అన్నా, ఒకటే లేబుల్ రెండు జాగలల్ల పెడితే ఎటు పోతదే?" అని. మంచి ప్రశ్న తమ్మీ అన్న. దానికి ఒక్క మాటలో జవాబు లేదు, మిషన్‌ను బట్టి ఉంటది. ఫోన్‌లో ఫ్రీ42 యాప్ తీసి చూపిచ్చిన, అది హెచ్‌పీ-42ఎస్ తీరుగ నడిచే యాప్, ఉచితమే. దానికి పెద్దన్న లాంటిది హెచ్‌పీ-41సీ, 1979ల వచ్చింది, మా పెద్దబాపు కాడ ఉండె అది, ఎస్సారెస్పీ కాలువల మీద సర్వే చేసిన మనిషి ఆయన. నాకు గోటూ అంటే ఏందో చెప్పింది ఆయనే. గోటూల విషయంలో 41సీ అంత ఆలోచించి చేసిన మిషన్ ఇంకోటి లేదనే నా నమ్మకం, అందుకే దీని కాడ కొంచెం ఎక్కువసేపు ఆగుత.

41సీలో నంబర్ లేబుళ్లు 00 నుంచి 99 దాకా. గోటూ 01 అని వస్తే మిషన్ ఆ లైన్ నుంచి కిందికి వెతుక్కుంట పోతది. ప్రోగ్రాం ఆఖర్ల ఎండ్ వచ్చేదాక దొరకకుంటే, అప్పుడు అదే ప్రోగ్రాం మొదటికి పోయి మళ్ల కిందికి వస్తది. దారిలో మొదటిసారి ఏ లేబుల్ 01 తగిలితే అదే. మన దిక్కు ఊరూరికి పోచమ్మ గుడి ఉంటది కదా, హన్మకొండ చౌరస్తాల బండి ఎక్కినోనికి పోచమ్మ గుడి కాడ ఆగు అని మాత్రమే చెప్తే ఏం చేస్తడు, పోయే దారిలో ముందుగాల తగిలిన గుడి కాడ ఆగుతడు, వెనక పది అడుగుల దూరంలో ఇంకో పోచమ్మ గుడి ఉన్నా వానికి లెక్క లేదు, ఎందుకంటే వాడు వెనక్కి తిరిగి చూసేటోడు కాదు. 41సీ గూడ గంతే.

ఇప్పుడు జూనియర్ ప్రశ్న మీదికొస్త. ఒక ప్రోగ్రాంలో రెండు లూపులున్నయి అనుకోండ్రి, రెండిటికి లేబుల్ 01 అనే పేరు పెట్టినం (డీఎస్‌ఈ 00 అంటే 00 రిజిస్టర్‌లో, అంటే నంబర్ దాచుకునే గడిలో, ఉన్న లెక్కను ఒకటి తగ్గించి, లెక్క అయిపోతే కింది గోటూను దాటేసే ఆర్డర్):

లేబుల్ 01
మొదటి లూప్ పని
డీఎస్‌ఈ 00
గోటూ 01
లేబుల్ 01
రెండో లూప్ పని
డీఎస్‌ఈ 05
గోటూ 01
ఎండ్

చూడంగనే ఏమనిపిస్తది, మొదటి గోటూ మొదటి లేబుల్‌కు, రెండో గోటూ రెండో లేబుల్‌కు పోతదనిపిస్తది, ఎందుకంటే కండ్లకు అదే దగ్గర. కాని మొదటి గోటూ 01 కిందికి చూస్తది, తన కింద వెంటనే రెండో లేబుల్ 01 ఉన్నది, అటు పోతది. రెండో గోటూ 01 కిందికి చూస్తది, ఎండ్ వస్తది, మీదికి పోయి మొదలువెడ్తది, మొదటి లేబుల్ 01 తగుల్తది, అటు పోతది. అంటే రెండు అటుదిటు ఇటుదటు అయినయి! ఒక్క ఎర్రర్ రాదు, రెండు లూపులు కలగలిసిపోయి ఏదో ఒక నంబర్ వస్తది. జూనియర్‌కు ఇది ఫోన్‌లో ఒక్కో లైన్ నడిపిచ్చి చూపిస్తే నోరు తెరుచుకొని చూసిండు.

ఇదే గుణాన్ని మనం వాడుకోవచ్చు గూడ, అసలు సంగతి ఇక్కడుంది. కిందికి దుంకే గోటూలకు ఒకటే లేబుల్‌ను ఎన్నిసార్లన్న పెట్టుకోవచ్చు. ఎక్స్ (డిస్‌ప్లేలో ఉన్న నంబర్) సున్నా అయితే రెండు లైన్లు దాటేసి కిందికి పో అన్నప్పుడు గోటూ 00, రెండు లైన్ల కింద లేబుల్ 00. ఇంకో యాభై లైన్ల తర్వాత మళ్ల అసొంటిదే అవసరం వస్తే మళ్ల గోటూ 00, లేబుల్ 00. ఎవలది వాళ్లకే దొరుకుతది, ఎందుకంటే ఎప్పుడైనా కింద ఉన్న మొదటిదే కదా. మీదికి దుంకే గోటూలకు, అంటే లూపులకు, మాత్రం ఆ ప్రోగ్రాంలో ఇంకెక్కడ లేని నంబర్ పెట్టాలె. కిందికి దుంకే వాటికి 00, లూపులకు 01 నుంచి వేరువేరుగ, ఇది పెద్దబాపు పద్ధతి, నేను గూడ ఇప్పటికీ అదే పాటిస్త.

ఇగ స్పీడు సంగతి. 41సీ నెమ్మది మిషన్, ప్రతిసారి ఇట్ల వెతుక్కుంట కూర్చుంటే లూప్ పాకినట్టు నడుస్తది. అందుకని దాన్ని చేసినోళ్లు ఒక తెలివైన ఏర్పాటు చేసిన్రు. మొదటిసారి వెతికి లేబుల్ దొరకంగనే, ఎంత దూరం, ఏ దిక్కు అనేది ఆ గోటూ లైన్ లోపట్నే రాసిపెట్టుకుంటది. రెండోసారి అదే గోటూ వస్తే వెతుకుడు లేదు, సీదా దుంకుడే. ప్రోగ్రాంలో మనం ఏమన్న మారిస్తే ఆ రాసుకున్న దూరాలు చెరిపేస్తది, మళ్ల మొదటిసారి వెతుకుతది. అందుకే ఎడిట్ చేసినంక మొదటి రౌండ్ కొంచెం లేటయితది, తర్వాత ఉరుకుతది.

దీంట్లో ఒక చిక్కుంది. 00 నుంచి 14 దాకా ఉన్న లేబుళ్లు పొట్టి లేబుళ్లు, లేబుల్‌కు ఒక బైట్ (మెమరీ కొలిచే చిన్న ముక్క), గోటూకు రెండు బైట్లు సరిపోతయి. 15 నుంచి 99 దాకా అయితే లేబుల్‌కు రెండు, గోటూకు మూడు. మెమరీ పెద్దగున్న 41సీవీ మోడల్‌లోనే మొత్తం 319 రిజిస్టర్లు, ఒక్కోటి 7 బైట్లు, కాబట్టి ఒక్క బైట్ మిగిలినా సంతోషమే, అందరు పొట్టి లేబుళ్లే వాడుతరు. కాని రెండు బైట్ల గోటూలో దూరం రాసుకోనీకి ఉన్న జాగ ఇంతే కాబట్టి 112 బైట్ల దాకనే రాసుకోగలుగుతది. లేబుల్ అంతకంటే దూరముంటే రాసుకోదు, ప్రతిసారి మొదటినుంచి వెతుకుడే. అంటే పెద్ద లూప్‌కు పొట్టి లేబుల్ పెడితే బైట్ మిగుల్తది గని టైం పోతది. పెద్ద లూప్‌కు 15 తర్వాత నంబర్ పెడితే మూడు బైట్ల గోటూలో ఎంత దూరమైనా పడ్తది. ప్రోగ్రాంలో మార్చింది ఒక్క నంబరే, 14 ఉన్న కాడ 15, అంతే, మిగతాది ఒక్క అక్షరం మారలే, స్పీడు మాత్రం మారిపోతది. నాకు ఈ విషయం మొదట తెలిసిన్నాడు పట్టలేనంత సంతోషమైంది.

గోటూ ఇండైరెక్ట్ అని ఇంకోటి ఉంటది, రిజిస్టర్‌లో ఏ నంబర్ ఉంటే ఆ లేబుల్‌కు పో అని. కాలువ సెక్షన్ రెక్టాంగులర్ అయితే 1, ట్రెపిజాయిడల్ అయితే 2, ఇట్ల అడిగి ఆ నంబర్‌ను రిజిస్టర్‌లో పెట్టి ఒక్క లైన్‌తోని సరైన లెక్కకు దుంకొచ్చు. చానా ముద్దుగుంటది. కాకపోతే నంబర్ ప్రతిసారి మారొచ్చు కాబట్టి ఇది దూరం రాసుకోదు, ఎప్పుడూ వెతుకుడే. లూప్ లోపట పెట్టొద్దు, లూప్ బయట ఒక్కసారి పెట్టుకోవాలె.

పేరున్న లేబుళ్లది ఇంకో లెక్క. ఏడు అక్షరాల దాకా పేరు పెట్టొచ్చు, ఇవి మెమరీ మొత్తానికి పనిచేస్తయి, ఏ ప్రోగ్రాం నుంచైనా పిలవొచ్చు. ఇవన్ని ఒకదానికొకటి గొలుసు లెక్క కలిసి ఉంటయి, వెతుకుడు మాత్రం ఉల్టా, అన్నిటికంటే ఆఖర్న ఉన్నదాని నుంచి మీదికి. అంటే ఒకటే పేరుతోని రెండు ప్రోగ్రాంలుంటే కిందున్నదే నడుస్తది. పాత ప్రోగ్రాంను అట్లనే ఉంచి కింద కొత్తది అదే పేరుతోని రాసి చూస్కోవచ్చు, నచ్చకపోతే కొత్తది తీసేస్తే పాతది మళ్ల ముందుకొస్తది. నంబర్ లేబుళ్లు కిందికి, పేరు లేబుళ్లు మీదికి, ఒకటే మిషన్‌లో రెండు దిక్కులు!

41సీ గురించి ఇంకొక్కటి చెప్పి ఆపుత. ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు డిస్‌ప్లేలో చిన్న పిట్ట బొమ్మ ఎగురుతుంటది. ఊకె ఎగరదు అది. ప్రోగ్రాం ఒక్కో లేబుల్ దాటినప్పుడల్ల ఒక్కో గడి జరుగుతది. లూప్ చిన్నదైతే పిట్ట గబగబ ఉరుకుతది, పెద్దదైతే మెల్లగ జరుగుతది, కదలకుండ నిలబడితే లోపట ఏదో పొడుగు లెక్కనో పొడుగు వెతుకుడో నడుస్తున్నట్టు. పెద్దబాపు ఆ పిట్టను చూసే ఏ లూప్‌లో ఉందో చెప్తుండె. ప్రోగ్రాం లోపట ఏం జరుగుతుందో కండ్లకు కనవడేటట్టు చేసిన ఆ ఇంజనీర్లకు దండం పెట్టాలె.

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల టీఐ-59 1977ల వచ్చింది, 960 స్టెప్పుల దాకా పడ్తది. దాంట్లో అంకెలు కాకుండ మిగతా చానా బటన్లను లేబుల్ పేరుగ పెట్టొచ్చు, సైన్ బటన్‌ను గూడ లేబుల్ చేసుకోవచ్చు. ఇది మాత్రం ఉన్నకాడినుంచి వెతకదు, ప్రతిసారి 000 స్టెప్ నుంచి మొదలు. కాబట్టి మాటిమాటికి పిలిచే సబ్‌రొటీన్లు (పని చేసి పిలిచిన కాడికే తిరిగొచ్చే చిన్న ప్రోగ్రాంలు) మీద పెట్టాలె, అరుదుగ వాడేవి కింద. స్పీడు ఇంకా కావాలంటే లేబుల్ ఇడిసిపెట్టి సీదా స్టెప్ నంబర్ ఇయ్యాలె, వెతుకుడే ఉండదు, కాని మధ్యల ఒక్క స్టెప్ ఇరికిస్తే కిందివన్ని జరిగి నంబర్లన్ని తప్పయితయి. అందుకని ముందు లేబుళ్లతోని రాసి, అంతా సక్కగ అయినంకనే నంబర్లకు మార్చుడు మంచిది.

టీఐ-59లో ఇంకో ముచ్చట, సబ్‌రొటీన్ లోపట ఈక్వల్ బటన్ పెట్టొద్దు. ఆ మిషన్‌లో 3 ప్లస్ అని కొట్టి సబ్‌రొటీన్‌ను పిలిస్తే, ఆ 3 ప్లస్ ఇంకా పెండింగ్‌లో ఉంటది, సబ్‌రొటీన్ లోపట ఈక్వల్ రాంగనే దానికి ఈ లెక్క ఆ లెక్క అని తేడా లేదు, బయట పెండింగ్ ఉన్న 3ను గూడ అప్పుడే కలిపి పడేస్తది. సబ్‌రొటీన్ లెక్కంతా బ్రాకెట్ల మధ్య పెట్టుకుంటే ఏ రంది లేదు.

వాళ్లదే టీఐ-84 ప్లస్, 2004ల వచ్చింది, గ్రాఫ్ కాలిక్యులేటర్. ఇది గూడ ప్రోగ్రాం మొదటినుంచే వెతుకుతది, ఒకటే లేబుల్ రెండుంటే మీదిదే. దీంట్ల అన్నిటికంటే తిప్పలు పెట్టేది ఇఫ్ దెన్ (ఇట్లయితే ఇవి చెయ్యి అనే ఆర్డర్) లోపట్నించి గోటూతోని బయటికి దుంకుడు. ఇఫ్ దెన్ మొదలైనప్పుడు దాని ఎండ్ ఎప్పుడొస్తదా అని మిషన్ మెమరీల ఒక గుర్తు పెట్టుకుంటది. మనం ఎండ్ దాక పోకుండ గోటూతోని దుంకితే ఆ గుర్తు అట్లనే ఉండిపోతది. మళ్ల మీదికొచ్చి మళ్ల ఇఫ్ దెన్‌లోకి పోతే ఇంకో గుర్తు. వెయ్యిసార్లు తిరిగితే వెయ్యి గుర్తులు. ప్రోగ్రాం కొంతసేపు మంచిగనే నడిచి, మెల్లగయి, ఒక్కసారిగ మెమరీ ఎర్రర్ అని ఆగిపోతది. చూసేటోనికి లెక్కలో తప్పు లేదు, లేబుల్ ఉన్నది, మెమరీ గూడ ఖాళీ ఉండె, ఏమైందో సమజ్ గాదు. దీనికి మందు చానా సులువు, దెన్ తీసేసి ఇఫ్ తర్వాత సీదా గోటూ రాసుడు. దెన్ లేని ఇఫ్ ఏ గుర్తు పెట్టుకోదు, లక్షసార్లు దుంకినా ఏం కాదు. ఫర్ లూప్ మధ్యల్నించి దుంకినా ఇదే గతి.

అసలు లేబుళ్లే లేని మిషన్లు గూడ ఉన్నయి. హెచ్‌పీ-25, 1975ది, మొత్తం 49 స్టెప్పులు, గోటూ అంటే స్టెప్ నంబర్‌కే. 1981ల వచ్చిన హెచ్‌పీ-12సీ గూడ అట్లనే, ఫైనాన్స్ వాళ్లు ఇప్పటికీ వాడుతున్నరు. మొదలు 8 లైన్లే ఉంటయి, ఇంకా రాస్తుంటే ఏడేడు లైన్లకు ఒక్కో రిజిస్టర్‌ను మింగుకుంట 99 దాకా పోతది. దీంట్ల వెతుకుడు లేదు కాబట్టి ఆ బాధ లేదు, కాని మధ్యల లైన్ ఇరికిచ్చే వసతి గూడ లేదు. ప్రోగ్రాం 29 లైన్లున్నది, ఏడో లైన్‌లో ఒక గుణకారం ఉంది, దాని తర్వాత రెండు లైన్లు కావాలె అనుకోండ్రి, ఏం చేస్తరు? మొత్తం మళ్ల కొట్టుడన్న కొట్టాలె, లేకపోతే ఏడో లైన్ మీద గోటూ 31 అని రాసి, 31ల ఆ తీసేసిన గుణకారం పెట్టి, 32, 33ల కొత్తవి పెట్టి, 34ల గోటూ 08 అని వెనక్కి పంపాలె. దీనికి ముందు ఇంకో పని ఉన్నది, అది మర్చిపోతే అంతా పాడైతది, అసలు ప్రోగ్రాం ఆఖర్న అంటే 30ల గోటూ 00 పెట్టాలె, లేకపోతే ప్రోగ్రాం అయిపోయినంక ఆగకుండ నడుచుకుంట ఈ అతుకులోకే వచ్చి పడ్తది. ఇసొంటి అతుకులు నాలుగైదు పడ్డ 12సీ ప్రోగ్రాంను కాయితం మీద లేకుండ ఎవలూ చదవలేరు.

హెచ్‌పీ-67 గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 1976ది, 224 స్టెప్పులు. ఇది గూడ లేబుల్ కోసం కిందికే వెతుకుతది, దూరం రాసుకునే తెలివి 41సీ లెక్క దీనికి ఇంకా రాలే, కాబట్టి మీదికి దుంకాలంటే కిందిదాక పోయి చుట్టు తిరిగి రావాలె, ప్రతిసారి. దానికి వాళ్లు పెట్టిన ఉపాయం ఏందంటే ఐ రిజిస్టర్‌లో మైనస్ నంబర్ పెట్టి గోటూ ఐ అంటే లేబుల్ వెతకకుండ అన్ని స్టెప్పులు వెనక్కి పోతది. మైనస్ 12 పెడితే 12 స్టెప్పులు వెనక్కి. కాగితం మీద ఏళ్లతోని లెక్కవెట్టుకొని ఆ నంబర్ పెట్టుకోవాలె. 1982ల వచ్చిన హెచ్‌పీ-15సీల గూడ మైనస్ పెట్టొచ్చు కాని దాని అర్థం మారింది, మైనస్ 12 అంటే అక్కడ 12వ లైన్‌కు పో అని. ఒకటే కంపెనీ, ఒకటే బటన్ వరస, ఆరేండ్ల తేడా, ప్రోగ్రాంను ఉన్నదున్నట్టు దీంట్లకెళ్లి దాంట్ల కొడితే వేరే ప్రోగ్రాం అయితది.

సబ్‌రొటీన్ల లోతు గూడ చూస్కోవాలె. 41సీ ఆరు మెట్ల దాకనే వెనక్కి వచ్చే జాగలు యాదిపెట్టుకుంటది, ఏడోది పిలిస్తే అన్నిటికంటే మొదటిది మరిచిపోతది, ఎర్రర్ రాదు, ఆఖర్న తిరిగొచ్చేటప్పుడు మెయిన్ ప్రోగ్రాంకు రాకుండ మధ్యల్నే ఆగిపోతది. ఇక హెచ్‌పీ-33ఎస్ సంగతైతే నాకు బాధ అనిపిస్తది, 31 కేబీ మెమరీ ఇచ్చిన్రు, లేబుళ్లు మాత్రం ఏ నుంచి జెడ్ దాకా 26 మాత్రమే, అన్ని ప్రోగ్రాంలకు కలిపి. లూప్‌కొకటి ఇఫ్‌కొకటి పెట్టుకుంట పోతే మెమరీ ఇంకా మిగిలి ఉండంగనే లేబుళ్లు ఒడిసిపోతయి. 2007ల వచ్చిన 35ఎస్‌లో దాన్ని సరిచేసిన్రు, లేబుల్ తర్వాత లైన్ నంబర్ గూడ ఇయ్యొచ్చు, గోటూ ఏ015 అంటే ఏ ప్రోగ్రాంలో పదిహేనో లైన్‌కు. ఒక ప్రోగ్రాంకు ఒక లేబుల్ చాలు.

మీ కాడ ఏ మిషన్ ఉన్నా, అది ఎట్ల వెతుకుతదో తెలుసుకోనీకి ఏడు లైన్ల ప్రోగ్రాం ఒకటి చెప్త, దాని భాషలోకి మార్చుకొని కొట్టుండ్రి:

గోటూ 2
లేబుల్ 1
10 చూపిచ్చి ఆగు
లేబుల్ 2
గోటూ 1
లేబుల్ 1
20 చూపిచ్చి ఆగు

మొదటినుంచి నడిపిస్తే 10 వచ్చిందంటే మీ మిషన్ మీదినుంచి వెతుకుతుందన్నట్టు, 20 వచ్చిందంటే ఉన్నకాడినుంచి కిందికి వెతుకుతుందన్నట్టు. 41సీ, 42ఎస్, 15సీ, ఫ్రీ42 యాప్ అన్నిట్ల 20 వస్తది, టీఐ-84ల 10 వస్తది. 10 వస్తే మాటిమాటికి దుంకే లేబుళ్లన్ని ప్రోగ్రాం మీది భాగంలకు జరుపుండ్రి, ఏ పేరునూ రెండోసారి వాడకుండ్రి. 20 వస్తే కిందికి దుంకుళ్లకు ఒకటే లేబుల్ మళ్ల మళ్ల పెట్టుకొని మిగిలిన నంబర్లు లూపులకు దాచుకోండ్రి. మీ మిషన్ పేరు, వచ్చిన నంబర్ కింద రాసి పెట్టుండ్రి, పాత మోడల్ అయితే ఇంకా మంచిది.